మంగాయి మామ్మకు ప్రైవేటు ప్రాక్టీసు నిషేధం

మంచి వార్త వచ్చిన సమయానికి చామంతి పీట ఎక్కి గోడకు మేకు కొడుతోంది. పెళ్ళయి పంతొమ్మిది రోజులు. మేకుకు తగిలించాల్సిన అద్దాన్ని గుండెకు ఆనించుకుని కింద నిలబడ్డవాడు ఆమె మొగుడు ఫల్గుణరావు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. రోజూ స్తంభాలెక్కే మనిషి కింద నిలబడి, ఎప్పుడూ సుత్తి పట్టని మనిషి పైకెక్కడమేమిటని ఇద్దరికీ తోచలేదు. కొత్త కాపురంలో అలాంటివి తోచవు. అద్దంలో ఇద్దరి మొహాలూ ఒకేసారి పడాలంటే మేకు ఎంత ఎత్తున ఉండాలన్నది ఒక్కటే ఆ ఉదయం వాళ్ళ ముందున్న సమస్య.

ఫోను మోగింది. అవతల సూపరింటెండెంటు విశ్వపతి గారు.

"అమ్మా చామంతీ, నీ ప్రతిపాదన మంజూరైంది. ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు. నా ఇరవయ్యారేళ్ళ సర్వీసులో పైకి పంపిన కాగితం పంపినట్టు తిరిగి రావడం ఇదే మొదలు. నాకు కొంచెం భయంగా కూడా ఉంది."

చామంతి పీట మీదే గెంతింది. మేకు ఒరిగిపోయింది. అద్దం ఆ తర్వాత ఎప్పుడూ ఓ పక్కకే వాలి ఉండేది. అందులో ఫల్గుణరావు పూర్తిగానూ, చామంతి ముప్పాతికా కనిపించేవారు. ఆమెకు అదీ ముచ్చటగానే ఉండేది.

ఆ ప్రతిపాదన ఏమిటో చెప్పాలంటే ముందు సంస్థ సంగతి చెప్పాలి. కొండదిగువ అనే ఊళ్ళో, ఒకప్పటి చింతపండు గిడ్డంగిలో, 'ఆదిమ చరిత్ర గౌరవ మరియు మానసిక స్వస్థతా సంస్థ' ఉంది. కొండ మీది సవరల చరిత్రను గౌరవించడం, వాళ్ళ మనసులు బాగుండేలా చూడడం దాని పని. పన్నెండేళ్ళలో అది చరిత్రను పన్నెండు క్యాలెండర్లతోనూ, ఒక సిమెంటు తోరణంతోనూ గౌరవించింది. మనసుల సంగతే తేలలేదు. తేల్చడానికి నలభై ప్రశ్నల ఫారం ఒకటి అచ్చు వేశారు. నేరేడుగూడ నుంచి మొట్టమొదట డిగ్రీ చదివిన సవర పిల్ల అని చామంతిని క్షేత్ర సహాయకురాలిగా తీసుకుని, ఫారాల కట్ట చేతికిచ్చి సొంత కొండ మీదికే పంపారు.

పదకొండో ప్రశ్న దగ్గర ప్రతి ఇంట్లోనూ బండి ఆగిపోయేది. 'మీకు బాధ కలిగినప్పుడు ఎవరితో చెప్పుకుంటారు?' కుటుంబం, స్నేహితులు, వైద్యుడు, ఎవరూ లేరు అని నాలుగు గళ్ళు.

"సచ్చిపోయినోళ్ళతో," అనేవారు నేరేడుగూడ వాళ్ళు, ఇది కూడా అడగాలా అన్నట్టు.

నిజమే. నేరేడుగూడలో మనిషి పోయినా మాట పోదు. మంగాయి మామ్మ దీపం ముందు కాళ్ళు చాపుకుని కూచుని కళ్ళు మూసుకుంటే, పోయినవాళ్ళు ఆమె నోట పలుకుతారు. ఊరంతా చుట్టూ చేరుతుంది. పోయినవాడు ముందు జీలుగు కల్లు అడుగుతాడు. తర్వాత, నన్ను ఆసుపత్రికి అంత ఆలస్యంగా ఎందుకు తీసుకెళ్ళారని తిడతాడు. బతికున్నవాళ్ళు ఏడుస్తారు, ఎదురు తిడతారు, మేకను ఎవరికిచ్చేశారో చెప్తారు. మధ్యలో ఎవడో వేళాకోళమాడితే అందరూ నవ్వుతారు, పోయినవాడితో సహా. ఇలా కొన్నిసార్లు మాట్లాడుకునేసరికి ఇరుపక్కలా మనసులు తేలికపడతాయి. అప్పుడు ఊరి చివర పోయినవాడి పేర ఒక రాయి పాతుతారు. ఆ రోజు ఆఖరుసారిగా, తీరిగ్గా మాట్లాడుకుంటారు. ఆ తర్వాత అతను పెద్దల్లో కలిసిపోతాడు. విడిగా పిలిస్తే పలకడు.

ఇదంతా చామంతి రెండు పేజీల్లో శుభ్రంగా రాసి, 'మావాళ్ళకు మానసిక స్వస్థత కొత్తగా నేర్పనక్కరలేదు, ఉన్నదాన్ని గౌరవిస్తే చాలు' అని ముగించి విశ్వపతి గారికిచ్చింది. మంజూరైంది అదే.

ఆమె అంత గెంతు గెంతడానికి ఇంకో కారణం ఉంది. ఆమె తల్లి సుక్కమ్మ పోయిన వానల్లో పోయింది. ఆ రోజు చామంతి దూరాన ఉన్న పట్నంలో, దుఃఖంలో ఉన్నవారిని ఎలా పలకరించాలో నేర్పే శిక్షణలో ఉంది. కబురందుకుని వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. సుక్కమ్మ తర్వాత మంగాయి నోట ఒక్కసారే పలికి, కూతురి కోసం వెతికింది. "గుంట నేదా? గుంట ఒచ్చినాక మాటాడతాను," అని వెళ్ళిపోయింది. ఈ మాఘ అమావాస్య లోపల ఆమెకు రాయి పాతాలి. అది దాటితే నేరేడుగూడలో రాళ్ళు పాతే ఏడాది మళ్ళీ మూడేళ్ళకు గాని రాదు. ఆ రోజు కోసం చామంతి రెండు పనులు దాచుకుంది. సమయానికి రానందుకు అమ్మ చేత తిట్లు తినాలి. ఫల్గుణరావును చూపించాలి.

మర్నాడు ఉత్తర్వు పట్టుకుని కొండెక్కింది. మంగాయి మామ్మ అరుగు మీద అడ్డాకులు కుడుతోంది.

"నీకు ఉజ్జోగం ఇచ్చినారు మామ్మా. 'వారసత్వ సాంత్వన సలహాదారు, ఒప్పంద ప్రాతిపదిక.'"

"నాకెందుకే ఉజ్జోగం?"

"నువ్వు సేసే పనికే."

"సేత్తన్నాను కదే."

"ఇప్పుడు ఆళ్ళు సెయ్యమన్నారని సేత్తావు."

ముసలమ్మ పుల్లను ఆకులో గుచ్చింది. "అయితే పోయినోళ్ళకి సెప్పాల. గవుర్మెంటోళ్ళు ఒప్పుకున్నారు, ఇంక బయపడకుండా మాటాడండని." పుల్ల పక్కనపెట్టి వేలిముద్ర వేసింది.

మొదటి సమావేశంలో డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు ప్రసంగించారు. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసినట్టుండే మనిషి. "సాంత్వన ప్రక్రియను ప్రామాణీకరించవలసిన చారిత్రక బాధ్యత మన భుజస్కంధాలపై ఉన్నది," అన్నారు. "మొదటి అంశం. లబ్ధిదారులు ఎవరు? జీవించి ఉన్నవారా, మృతులా?"

చామంతి ఆ మాటను మంగాయికి విడమర్చి చెప్పింది.

"ఇద్దరికీ దిగులే బాబూ," అంది మంగాయి. "పోయినోళ్ళకి మరీను. ఈళ్ళకంటే పనులున్నాయి. ఆళ్ళకేటుంది, కూకుని తలుసుకోడమే."

"దిగులు అధికముగా గలవారే లబ్ధిదారులు. అనగా మృతులు," అని డైరెక్టరు గారు తేల్చారు. విశ్వపతి గారు రాసుకున్నారు. ఆ సాయంత్రానికి నేరేడుగూడలో ఈ పదేళ్ళలో పోయినవాళ్ళందరికీ ఒక్కో దస్త్రం తెరిచారు.

"రెండవ అంశం, గోప్యత. సలహాదారు, లబ్ధిదారు తప్ప మూడవ వ్యక్తి గదిలో ఉండరాదు."

"సార్, మరి బతికున్నవాళ్ళు ఎక్కడుండాలి?" అంది చామంతి.

"బయట. సందర్శకుల బల్ల మీద."

"అప్పుడు పోయినవాళ్ళు ఎవరితో మాట్లాడతారు సార్?"

"సలహాదారుతో."

"వాళ్ళు మాట్లాడేది సలహాదారు నోటితోనే కదా సార్."

డైరెక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అంటే మధ్యలో అంతరాయమే ఉండదన్నమాట. ఆదర్శప్రాయం."

సంస్థ ఆవరణలో కల్లు కుదరదు గనుక లబ్ధిదారులకు గ్లూకోజు నీళ్ళు ఇవ్వాలన్నది మూడో అంశం. నాలుగో అంశం దగ్గర ఆయన గొంతు సవరించుకున్నారు. "సలహాదారు ఇప్పుడు మన సిబ్బంది. కావున ఇకమీదట సంస్థ వెలుపల మృతులతో సంభాషించరాదు. ప్రైవేటు ప్రాక్టీసు నిషేధం."

"ఆళ్ళే ఒచ్చి పలికితే?" అంది మంగాయి.

"ఆఫీసు వేళల్లో రమ్మని చెప్పవలెను."

పని మొదలైంది. పోయినవాళ్ళ సవర మాటలను తెలుగు చెయ్యాల్సిన అనువాదకురాలు లోపల ఉంటే మూడో వ్యక్తి అవుతుందా అని విశ్వపతి గారు పైకి రాశారు. అనువాదకురాలిని వ్యక్తిగా పరిగణించనక్కరలేదని స్పష్టీకరణ వచ్చింది. ఆ విధంగా చామంతికి లోపల ఒక ముక్కాలిపీట దొరికింది. డైరెక్టరు గారు హోదారీత్యా రావచ్చు. ఆయన మొదటి రోజే వచ్చారు, చేతిలో శాలువాతో.

మొదట పలికినవాడు గంగులు తాత. మంగాయికి ముత్తాత వరస. కొండల్లో పితూరీ లేచిన కాలంలో అడవి గార్డులకు ఎదురు తిరిగి, ఆ పంతంతో ఇప్పటికీ రాయి పాతించుకోనివాడు. చరిత్ర గౌరవ విభాగం వారి జాబితాలో మొదటి పేరు గనుక, పదేళ్ళ లెక్కతో పనిలేకుండా ఆయనకూ దస్త్రం తెరిచారు. మంగాయి గ్లాసెత్తి ఒక గుక్క తాగింది. గంగులు తాత దాన్ని అక్కడే ఉమ్మేశాడు.

"ఏటిది? ఎవుడికి జొరమొచ్చింది?"

డైరెక్టరు గారు శాలువాను ఖాళీ కుర్చీకి కప్పారు. "మహాశయా, మీ త్యాగమయ చరిత్రను ఈ సంస్థ సగౌరవంగా స్మరించుకుంటున్నది."

"ఈ గుడ్డెందుకు? నా గొడ్డలేది?"

"వారేమంటున్నారు?"

"అప్పట్లో అడవి గార్డు ఆయన గొడ్డలి పట్టుకుపోయాడు సార్. తిరిగిమ్మంటున్నారు."

"విజ్ఞప్తిగా నమోదు చెయ్యండి."

విజ్ఞప్తి సంబంధిత శాఖకు వెళ్ళింది. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. 'సదరు గొడ్డలి స్వాధీనపు రసీదు నకలు జతపరచి, అర్జీదారు తగు గుర్తింపుతో స్వయముగా హాజరు కావలెను.' డైరెక్టరు గారు పొంగిపోయారు. మన లబ్ధిదారును మరొక శాఖ గుర్తించిందంటే మాటలా! ఆ కాగితానికి పటం కట్టించారు. జవాబు చదివి వినిపిస్తే గంగులు తాత పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకు మంగాయి డొక్కలు రెండు రోజులు నొప్పెట్టాయి. దస్త్రంలో 'లబ్ధిదారు మానసిక స్థితి: గణనీయమైన మెరుగుదల' అని రాశారు.

ఈలోపు బతికున్నవాళ్ళు బల్ల మీద కూచునేవారు. పొద్దున్నే కొండ దిగి వచ్చి, లోపల తమవాళ్ళ గొంతు వినిపిస్తుంటే గోడకు చెవి ఆనించి, ఏడవాలో జవాబివ్వాలో తెలియక సాయంత్రం తిరిగి కొండెక్కేవారు. కొందరికి నిద్రపట్టడం మానేసింది. ఫారంలో నిద్రలేమి గురించిన మూడో ప్రశ్నకు, 'దాదాపు ప్రతిరోజూ' అన్న గడిలో, నేరేడుగూడ నుంచి మొట్టమొదటిసారి టిక్కులు పడ్డాయి.

"చూశారా?" అన్నారు డైరెక్టరు గారు ఆ లెక్క చూసి. "సంస్థ ఆవశ్యకత రుజువవుతున్నది."

చామంతి తల్లి కోసం అర్జీ పెట్టుకుంది. మూడు రోజుల తర్వాత విశ్వపతి గారు కాగితం తిరిగిచ్చారు, ఆమె మొహం చూడకుండా. సిబ్బంది బంధువులు లబ్ధిదారులుగా అనర్హులు.

"సార్, సలహాదారు కూడా సిబ్బందే కదా. నేరేడుగూడలో ఆవిడకు బంధువు కానివాళ్ళెవరు?"

"ఆ మాట బయటికనకమ్మా," అన్నారు విశ్వపతి గారు గొంతు తగ్గించి. "అందరి దస్త్రాలూ మూసెయ్యాల్సొస్తుంది."

ఇంటికెళ్ళి చెబితే ఫల్గుణరావు అన్నం ముందు చెయ్యి కడిగి కూచుని, తినడం మర్చిపోయాడు. "పోనీ మామ్మనడిగి సాటుగా మాటాడీలేవా?"

"మామ్మ ఏలిముద్ర ఏసీసింది మావా. మాట తప్పితే పోయినోళ్ళు నమ్మరంట, పలకరంట."

"అమాస ఎప్పుడు?"

"పన్నెండు రోజులుంది."

ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. తొమ్మిదో రోజున డైరెక్టరు గారు ఆమెను పిలిపించారు. రాజధాని నుంచి పరిశీలక బృందం వస్తోంది. వాళ్ళ ముందు ఒక నమూనా సంభాషణ జరగాలి. వయసు తక్కువ, ఈ మధ్యనే పోయిన, కన్నీరు తెప్పించగల లబ్ధిదారు కావాలి. దస్త్రాలన్నీ చూస్తే సుక్కమ్మ ఒక్కతే సరిపోయింది.

"నీ మాతృమూర్తికి ప్రత్యేక మినహాయింపు ఇస్తున్నాను," అన్నారాయన. "ఎల్లుండి ఉదయం పదిన్నరకు."

ఎల్లుండి అంటే అమావాస్యకు ముందు రోజు. చామంతికి కాళ్ళు నేల మీద ఆనలేదు. బయటికొచ్చి చూశాక ఆనాయి. ఆవరణలో వడ్రంగులు ఒక గది కడుతున్నారు, నాలుగు వైపులా అద్దాలతో. గోప్యత కోసం గది, పారదర్శకత కోసం అద్దాలు, రెండు వందల మందికి వినబడడం కోసం లోపలొక మైకు. అమ్మ తిట్టబోయే తిట్లన్నీ సిమెంటు తోరణానికి కట్టిన లౌడ్‌స్పీకర్ల లోంచి ఊరంతా వింటుంది. వాటిని ఒక్కొక్కటే రాజధాని వాళ్ళకు చామంతే అనువదించాలి.

ఆ ఉదయం ఫల్గుణరావుకు ఆ ఆవరణలోనే డ్యూటీ పడింది. స్తంభం దిగి ఆమె దగ్గరికొచ్చాడు. చేతిలో కటింగ్ ప్లయరు.

"ఫీజు పీకీమంటావేటి?"

"వొద్దు మావా. పీకితే అదీ నేకుండా పోద్ది. రేపటితో గడువైపోతాది."

"మీ అమ్మకి నాను ఇలాగ స్తంబం మీద కనపడతానేటి?"

"దిగి, తల దువ్వుకో," అంది చామంతి.

పదిన్నరకు మంగాయి అద్దాల గదిలో కాళ్ళు చాపుకుని కూచుంది. పక్కన ముక్కాలిపీట మీద చామంతి. అద్దం అవతల ముందు వరసలో పరిశీలక బృందం, డైరెక్టరు గారు, కలం తీసుకుని విశ్వపతి గారు. దీపం వెలిగింది. మంగాయి కళ్ళు మూసుకుంది. తల ఒకసారి వాలి లేచింది. చామంతి చీర చెంగు గట్టిగా పట్టుకుంది.

"విశ్వపతీ, కిటికీ వేశావా? జల్లు దస్త్రాల మీద పడుతుంది."

మంగాయి జన్మలో అలాంటి తెలుగు మాట్లాడి ఎరగదు. గొంతు మెల్లగా, కొంచెం ముక్కుతో, జలుబు చేసినట్టుంది. లౌడ్‌స్పీకరు ఆ జలుబును కూడా ఊరంతా చల్లింది.

విశ్వపతి గారి కలం కింద పడింది.

"ఎవరిది? ఇది కార్యక్రమంలో లేదే," అన్నారు డైరెక్టరు గారు.

"వేదాచలం సార్," అన్నారు విశ్వపతి గారు. "సీనియర్ అసిస్టెంటు. నా పక్క కుర్చీ. ఎనిమిదేళ్ళయింది. వెనక క్వార్టర్సులో, జ్వరంతో. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి."

"నా బదిలీ అర్జీ ఏమైంది విశ్వపతీ?" అంది గొంతు. "నాలుగుసార్లు అడిగాను. చూస్తాను, చూస్తాను అన్నావు."

విశ్వపతి గారు లేచారు. కుర్చీలు తప్పించుకుంటూ అద్దాల గది తలుపు దాకా వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళిపోయారు. గోప్యతా నియమం అక్కడితో ముగిసింది.

"పంపలేదు వేదాచలం," అన్నారు మంగాయి ముందు కూలబడి. "ఎడమవైపు కింది సొరుగులో ఉంది. నువ్వెళ్ళిపోతే నీ చోటులోకి ఇంకొకరిని వెయ్యరు. పదకొండింటికి టీ ఒక్కణ్ణీ తాగాలి. ఒక నెలాగి పంపుదామనుకున్నాను. ఈలోపల నీకు జ్వరమొచ్చింది."

పరిశీలక బృందం కుర్చీలు ముందుకు జరుపుకుంది.

"తెలుసులేవయ్యా," అంది గొంతు. "నీ కూతురు పెళ్ళికి పెట్టుకున్న సెలవు చీటీ మూడు రోజులు కనపడలేదు, జ్ఞాపకముందా? నా దగ్గరే ఉంది. నువ్వెళితే టీకి నాకు మాత్రం ఎవరున్నారు?"

విశ్వపతి గారు నవ్వబోయారు. నవ్వు సగంలో ఏడుపైపోయింది. ఎనిమిదేళ్ళుగా ఆయన పదకొండింటికి టీ మానేశారన్న సంగతి అప్పుడు గాని ఎవరికీ తట్టలేదు. వెనక వరసలోంచి టైపిస్టు లేచింది, అటెండరు లేచాడు. "వేదాచలం గారూ, మీ గొడుగు నా దగ్గరే ఉందండీ, ఇద్దామంటే మీరు లేకపోయారు," అని ఆవిడ. "తవరు సెప్పిన మందు నా కాలికి పన్జేసింది బాబూ," అని అతను. అద్దాల గది కిక్కిరిసింది. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఏడుస్తున్నారు, వేదాచలం టీలో ముంచుకు తినే రొట్టెముక్కల సంగతి ఎవరో తీస్తే నవ్వుతున్నారు. నేరేడుగూడ వాళ్ళు బల్ల మీంచి మెడలు చాచి చూసి, ఎట్టకేలకు ఇక్కడ కూడా పని సరిగ్గా జరుగుతోందని తలాడించారు.

డైరెక్టరు గారు గుమ్మంలో నిలబడ్డారు.

"డైరెక్టరు గారా? నమస్కారమండి," అంది గొంతు. "కొత్తగా వచ్చారా?"

"మీ విజ్ఞప్తి పరిశీలనలో..." అని మొదలుపెట్టి, ఆయన ఆగిపోయారు. అటెండరు అప్పటికే సొరుగులోంచి అర్జీ తెచ్చాడు. పసుపు పట్టిన కాగితం. డైరెక్టరు గారు జేబులోంచి కలం తీసి, నిలబడే, 'మంజూరు' అని రాసి సంతకం చేశారు.

"ఏ ఊరికి కోరుకున్నారు?" అని అడిగారు.

"ఇప్పుడెక్కడికి పోతానండీ," అంది గొంతు. "ఊరికే. అడిగినదానికి ఒక జవాబొస్తే బాగుంటుందని."

మంగాయి కళ్ళు తెరిచింది. ఎవరైనా కాస్త కల్లు తెచ్చారా అని అడిగింది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. పరిశీలక బృందం తమ నివేదిక పక్కనపెట్టి వరసలో నిలబడింది. ముందు నిలబడ్డాయనకు తన తమ్ముడితో ఒక చిన్న మాటుందట. మధ్యాహ్నానికి అరవై ముగ్గురి పేర్లు చేరాయి. అందులో ఇరవై రెండో పేరు డైరెక్టరు గారి తల్లిది. సిబ్బంది బంధువులు అనర్హులన్న నిబంధనను 'సిబ్బంది బంధువులకు ప్రాధాన్యత' అని సవరించి సంతకం పెట్టారు. సుక్కమ్మ నంబరు అరవై నాలుగు. వైశాఖంలో రావచ్చునన్నారు.

చామంతి వెనక వరండాలోకి వెళ్ళింది. మంగాయి అక్కడ గోడకానుకుని కూచుని ఉంది.

"అందరోళ్ళూ ఒచ్చినారు. మా అమ్మ రానేదు," అంది చామంతి. కోపంగా అందామనుకుంది. కోపం రాలేదు, కళ్ళనీళ్ళు వచ్చాయి. "ఇంకా అలిగే ఉన్నాదేటి మామ్మా?"

"రానేదని ఎవులన్నారే? అందరికంటే ముందొచ్చింది. గుమ్మం కాడే నిలబడిపోనాది. అద్దాల పెట్టి సూసింది. ఆ మైకు సూసింది. 'నా గుంటని ఇందరి ముందర తిట్టనా?' అంది. ఆ గుమస్తా బాబు ఆ మూలనే ఎనిమిదేళ్ళుగా నిలబడున్నాడు, పలకరించే దిక్కు నేక. ఆడి బుజం పట్టుకుని లోపలికి తోసింది. 'నువ్వెల్లు బాబూ, నీకెవులూ నేరు. నాకు మావాళ్ళున్నారు,' అంది."

చామంతి చెంగుతో మొహం తుడుచుకుంది. "రేపే అమాస."

ఆ సమయానికి విశ్వపతి గారు వరండాలోకి వచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి గాని మనిషి పదేళ్ళు తగ్గినట్టున్నారు. "సలహాదారు గారూ, వేదాచలానికి రాయి లేదు. వేయించాలంటే ఏం చెయ్యాలి?"

"రేపైతే అవుద్ది. దాటితే మూడేళ్ళు."

ఆయన లోపలికి పరిగెత్తారు. కాసేపటికి లౌడ్‌స్పీకర్లో డైరెక్టరు గారి గొంతు వినబడింది. సంస్థ మాజీ ఉద్యోగి స్వర్గీయ వేదాచలం గారి స్మారక శిలా ప్రతిష్ఠాపన నిమిత్తం రేపు యావత్ సిబ్బంది నేరేడుగూడకు తరలి వెళ్ళవలెను. కార్యాలయమునకు సెలవు.

మంగాయి చెవి రిక్కించి విని, తిరిగొచ్చిన విశ్వపతి గారిని అడిగింది. "రేపు ఆపీసు నేదా బాబూ?"

"లేదమ్మా. తాళం."

"ఆపీసు నేకపోతే నాకు ఉజ్జోగం ఉన్నట్టా, నేనట్టా?"

విశ్వపతి గారు ఇరవయ్యారేళ్ళ సర్వీసును ఒకసారి మనసులో తిరగేశారు. "సెలవు దినమున సిబ్బంది తమ సొంత వ్యవహారములు చూసుకొనవచ్చును," అన్నారు. "ఆ రోజు ఎవరితో మాట్లాడినా అది ప్రాక్టీసు కిందికి రాదు. కావాలంటే రాసిస్తాను."

"రాతెందుకు బాబూ, నువ్వన్నావు, సాలు." మంగాయి చామంతి వైపు తిరిగింది. "అయితే రేపు రెండు రాళ్ళే గుంటా. ముందు ఆ గుమస్తా బాబుది పాతీసి, ఆళ్ళని బోజనానికి కూకోబెట్టీద్దాం. ఆ తరవాత మీ అమ్మది. మైకూ నేదు, అద్దాలూ నేవు, మనమే."

చామంతి వరండా మెట్లు రెండేసి చొప్పున దిగింది. ఫల్గుణరావు లౌడ్‌స్పీకరు వైరు చుట్టుకుంటూ నిచ్చెన మీద ఉన్నాడు. నిచ్చెన కాలు పట్టుకుని ఊపింది.

"పడిపోతానే! ఏటైంది?"

"రేపు సెలవు పెట్టు మావా. సీకటుండగానే కొండెక్కాల."

"ఇంత తొందరేటి? రాయి పాతేది మద్దేనం కదా?"

"పాతేది మద్దేనమే. మా అమ్మ తిట్లు ఆరునెలలవి నిలవున్నాయి," అంది చామంతి, మొహమంతా వెలిగిపోతూ. "పెందరాళే మొదలెట్టకపోతే పొద్దు సాలదు."